బ్యారేజీ దిగువన లేని కాలనీ

విజయవాడ ఉపగ్రహ చిత్రం ఒకటి కంప్యూటర్‌కు ఇచ్చి ఇళ్లు, చెట్లు, నీళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో రంగులు వేసి పెట్టమన్నాను. మే నెల చిత్రం అది. పని పూర్తయ్యాక చూస్తే ప్రకాశం బ్యారేజీ దిగువన, కృష్ణ కడుపులో, యనమలకుదురు వైపు పెద్ద కాలనీ ఒకటి వెలిసి ఉంది. దానికి వీధుల్లేవు, మనుషుల్లేరు.

అది ఇసుక. ఎండిన ఇసుక, సిమెంటు డాబా ఇంచుమించు ఒకే తీరుగా వెలుగును వెనక్కి కొడతాయి. బెజవాడ డాబాల్లో కలిసింది ఆ కృష్ణ ఇసుకే కాబట్టి కంప్యూటర్‌ను మరీ తప్పుపట్టలేం. దానికి ఇల్లంటే ఏమిటో, ఊరంటే ఏమిటో తెలియదు. నేల మీద పడిన ఎండలో ఎంత భాగం, ఏ రంగుల్లో తిరిగి పైకి వచ్చిందన్న అంకెలే దాని చేతికి అందుతాయి.

ఆ అంకెలు పిక్సెళ్లుగా, అంటే నేల మీది ఒక్కో చదరపు ముక్కకు విడివిడిగా వస్తాయి. పిక్సెల్‌ను మీటర్లలో చెబితే మనకు ఒక పట్టాన ఎక్కదు, సెంట్లలో చెప్పుకుందాం. 1972లో వెళ్లిన అమెరికా ఉపగ్రహం మొదటి ల్యాండ్‌శాట్‌కు ఒక్కో పిక్సెల్ ఎకరంన్నర. 1984 నుంచి వచ్చిన ల్యాండ్‌శాట్ చిత్రాల్లో అది 30 మీటర్ల చదరం, అంటే 22 సెంట్లు. 1988 మార్చి 17న కక్ష్యలోకి చేరిన మన ఐఆర్ఎస్-1ఏలో ఉన్న రెండు రకాల కెమెరాల్లో మెరుగైనదానికి 32 సెంట్లు. 2015లో ఐరోపా పంపిన సెంటినల్-2 పది మీటర్ల దాకా దిగింది. అది సుమారు 120 గజాలు, మన ఊళ్లలో ఒక చిన్న ఇంటి స్థలం. 22 సెంట్ల పిక్సెల్‌ను గుంటూరు బ్రాడీపేటలో పరిచి చూడండి. రెండు మూడు ఇళ్లు, వాటి మధ్య కొబ్బరి చెట్లు, కాస్త రోడ్డు, ఒక పాత బావి అన్నీ అందులో పడతాయి. ఉపగ్రహం వాటన్నిటినీ కలిపి రుబ్బి ఒకే రంగుగా ఇస్తుంది. ఆ ముద్దలో ఏది ఎంత పాలు ఉందో తేల్చడమే ఈ విద్యలో సగం పని.

చెట్టును పట్టుకోవడం మాత్రం తేలిక. ఆకులోని పత్రహరితం ఎరుపు కాంతిని మింగేస్తుంది. కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని ఆకు లోపలి కణజాలం పెద్ద మొత్తంలో బయటికి నెట్టేస్తుంది. ఈ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే పచ్చదనపు కొలతే ఎన్‌డీవీఐ. నూటికి 5 పాళ్ల ఎరుపు, 45 పాళ్ల పరారుణం తిప్పికొట్టే ఆకుకు అది 0.8 వస్తుంది. సిమెంటు దగ్గర రెండూ దాదాపు సమానం కాబట్టి ఫలితం సున్నా దరిదాపుల్లో ఉంటుంది. నీరు పరారుణాన్ని దాదాపు పూర్తిగా తాగేస్తుంది, అందుకే పరారుణ చిత్రంలో కాలువలు నల్లటి గీతల్లా ఉంటాయి. ఈ రంగంలో వాడే చిత్రాల్లో పరారుణాన్ని ఎరుపుగా చూపడం పాత అలవాటు. అలాంటి చిత్రంలో గుంటూరు జిల్లా మిరప చేను ఎర్రగా ఉంటే చూసినవాళ్లు మురిసిపోతారు. పక్కనున్న పత్తి కూడా అంతే ఎర్రగా ఉంటుందని చెప్పాలి మరి.

చిక్కంతా నేలతోనే. డెల్టాలో ఒక వరి మడిని తీసుకోండి. జులైలో దమ్ము చేసి నీళ్లు నిలిపినప్పుడు ఉపగ్రహానికి అది చెరువు. సెప్టెంబరుకల్లా దట్టమైన పచ్చదనం. కోతకు ముందే చల్లిన మినుములు సార్వా వెళ్లాక మరోసారి పచ్చబరుస్తాయి. ఏప్రిల్‌లో అదే మడి నెర్రెలిచ్చి, ఇసుకలాగే డాబా వేషం కడుతుంది. ఒక్క రోజు చిత్రం పెట్టుకుని నగరం ఎంత పెరిగిందో చెప్పేవారి మాట నేను అంత తేలిగ్గా నమ్మను. అది ఏ నెల చిత్రమో ముందు అడుగుతాను.

మందు కూడా అక్కడే ఉంది. మడి ఏడాదికి నాలుగు వేషాలు వేస్తుంది, ఇల్లు మాత్రం వేయదు. ఏడాది పొడవునా తీసిన చిత్రాలు వరసగా పేర్చి, ఏ పిక్సెల్ మారకుండా నిలిచిందో చూస్తే ఇళ్లు తేలిపోతాయి. నా దొంగ కాలనీ కూడా అలాగే దొరికింది. వరద వచ్చిన ఆగస్టు చిత్రంలో అది నీళ్ల కింద ఉంది. ల్యాండ్‌శాట్ చిత్రాల పాత నిల్వ అంతా 2008లో అందరికీ ఉచితంగా తెరిచారు కాబట్టే ఇంట్లో కూర్చుని ఇలాంటి పని చేయగలుగుతున్నాం.

పచ్చదనం కూడా మోసం చేస్తుంది. రాజధాని కోసం 2015లో అమరావతి రైతులు వేల ఎకరాలు ఇచ్చారు. తర్వాత పనులు ఆగి, ఒకప్పుడు అరటి, కూరగాయలు పండిన చోట కంప చెట్లు మొలిచాయి. ఉపగ్రహానికి అరటీ పచ్చనే, కంపా పచ్చనే. నేల మీద ఏముందో అది కొంతవరకు చెప్పగలదు గానీ, ఆ నేలను మనిషి దేనికి వాడుతున్నాడో చెప్పలేదు. భూమి పైపొర వేరు, భూ వినియోగం వేరు. ఈ రెండింటినీ కలిపేసి రాసిన నివేదికలు చాలానే చూశాను.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఆకాశం నిండా మబ్బు ఉంటే మామూలు కెమెరాలు చేయగలిగింది ఏమీ లేదు. అలాంటప్పుడు తామే తరంగాలు పంపి, తిరిగొచ్చినదాన్ని పట్టుకునే రాడార్ ఉపగ్రహాలు కావాలి, సెంటినల్-1, మన ఈఓఎస్-04 వంటివి. వాటి తరంగాలు మబ్బును దాటిపోతాయి. నున్నటి నీటి మీద పడి అవతలికి జారిపోతాయి, అందువల్ల మునిగిన పొలం నల్లగా కనిపిస్తుంది. కానీ మునిగిన వీధి సంగతి వేరు. నీటి మీద పడిన తరంగం పక్కనున్న గోడకు తగిలి, క్యారమ్ బోర్డు మూలలో స్ట్రైకర్‌లా వచ్చిన దారినే వెనక్కి పోతుంది. దానితో ఆ చోటు నల్లబడటానికి బదులు ఇంకా మెరుస్తుంది. నల్లగా ఉన్నదే వరద అనుకునే లెక్కలో మునిగిన ఇళ్లే తప్పిపోయే ప్రమాదం ఉంది.

పటం ఎంత నమ్మదగిందో చెప్పడానికి శాతాలు వేస్తారు. 90 శాతం సరైనది అంటే గొప్పగా వినిపిస్తుంది. మండలంలో పదో వంతే ఊరు ఉందనుకోండి. అసలు ఊరే లేదు, అంతా పొలమే అని రాసిచ్చినా 90 మార్కులు వస్తాయి! అందుకే ఇళ్లకు విడిగా, నీళ్లకు విడిగా, చెట్లకు విడిగా తప్పులు లెక్కపెట్టాలి. దానికి మనిషి కాళ్లే గతి. పటం మీద గుడ్డిగా కొన్ని చుక్కలు పెట్టుకుని, ఫోనులో జీపీఎస్ చూసుకుంటూ, ఒక్కో చుక్క దగ్గరికీ వెళ్లి అక్కడ ఏముందో రాసుకోవాలి.

నాకొక చుక్క బ్రాడీపేటలో పడింది. లైను, అడ్డరోడ్డు అంకెలు తెలిస్తే అక్కడ దారి తప్పడం కష్టం. పటంలో ఆ చోట చెట్టు అని ఉంది. వెళ్లి చూస్తే పెద్ద వేపచెట్టు, దాని కింద పూర్తిగా దాక్కున్న పెంకుటిల్లు. ఏం రాయాలా అని గేటు ముందు నిలబడి ఆలోచిస్తుంటే లోపలి నుంచి ఒక పెద్దావిడ వచ్చారు.

"ఏమిటి బాబూ రాసుకుంటున్నారు, ఇంటి పన్నుకా?"

"కాదండీ. పైనుంచి చూస్తే మీ ఇల్లు చెట్టులా కనబడుతోంది, అందుకని..."

ఆవిడ ఒకసారి చెట్టు వైపు, ఒకసారి నా వైపు చూసి, గేటు గడియ పెట్టుకుని లోపలికి వెళ్లిపోయారు.