రాట్నం పిన్ను పెట్టుకునే ఆడవాళ్లు: డీఏఆర్ చాప్టర్లపై అపోహలు - వాస్తవాలు

అమెరికా పౌరసత్వ ప్రమాణం రోజున మనవాళ్లలో కొందరి చేతిలో ఓ పెద్దావిడ చిన్న జెండా పెట్టి ఉంటుంది. ఆవిడ కోటు మీద రాట్నం బొమ్మ పిన్ను ఉంటే, ఆవిడది డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రివల్యూషన్, పొట్టిగా డీఏఆర్. బ్రిటన్ మీద జరిగిన అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి తోడ్పడినవాళ్ల వారసురాళ్ల సంఘం అది. నేను అక్కడ ఓ చిన్న ఊరి లైబ్రరీలో స్థానిక చరిత్ర విభాగం చూస్తాను. ఆ ఊరి చాప్టర్, అంటే డీఏఆర్ స్థానిక శాఖ, పాత మినిట్స్ (సమావేశాల్లో ఏం జరిగిందో రాసే) పుస్తకాలు మా బీరువాలోనే ఉన్నాయి. ఎవరొచ్చినా ఇవే అపోహలు.

అపోహ: డబ్బున్న ఆడవాళ్ల టీ పార్టీ క్లబ్బు.

వాస్తవం: 1889లో మొదలైన సన్స్ ఆఫ్ ది అమెరికన్ రివల్యూషన్ మరుసటి ఏడాదే ఆడవాళ్లకు చోటు లేదని తేల్చేసింది. దాని మీద మేరీ లాక్‌వుడ్ వాషింగ్టన్ పోస్టుకు ఘాటుగా ఉత్తరం రాసింది. 1890 అక్టోబరు 11న డీఏఆర్ పుట్టింది. లాక్‌వుడ్ బోర్డింగ్ హౌస్ నడిపేది. మరో వ్యవస్థాపకురాలు మేరీ డెషా ప్రభుత్వ గుమస్తా. మొదటి అధ్యక్షురాలు మాత్రం దేశాధ్యక్షుడి భార్య కెరొలైన్ హారిసన్, అందుకే ఆ దర్జా ముద్ర. 1891లో షికాగోలో తొలి చాప్టర్ వచ్చింది. టీలు లేవని అననులెండి, కేకు ఎవరు తెచ్చారో కూడా మా మినిట్స్‌లో ఉంది.

రాట్నం సంగతి. చక్రానికి 13 ఆకులు, చుట్టూ 13 నక్షత్రాలు, ఒక్కో వలస రాష్ట్రానికి ఒకటి. యుద్ధానికి ముందు అక్కడి ఆడవాళ్లు బ్రిటిష్ బట్ట మానేసి ఇంట్లోనే నూలు వడికారు. మన ఖద్దరుకు 150 ఏళ్ల ముందు మాట.

అపోహ: ముత్తాత తుపాకీ పట్టి ఉండాలి.

వాస్తవం: సైన్యానికి గోధుమలో పశువులో ఇచ్చినా, విధేయత ప్రమాణం చేసినా చాలు. ఆ పని చేసింది ఆడమనిషైనా లెక్కే. స్పెయిన్ తరఫున, అప్పటి లూసియానా గవర్నర్ గాల్వెజ్ కింద పోరాడినవాళ్లూ లెక్కే. వారసురాలికి 18 ఏళ్లు నిండాలి. కొత్త చాప్టర్‌కు కనీసం 12 మంది కావాలి.

అపోహ: సమాధి పక్కన డీఏఆర్ బిళ్ల ఉంటే ఆయన యుద్ధంలో పోయినట్టే.

వాస్తవం: చాలామంది ఆ తర్వాత పొలాలు దున్ని, మనవల్ని ఎత్తుకుని ఆడించాకే కన్నుమూశారు.

అపోహ: అమ్మమ్మ సభ్యురాలైతే మనవరాలికి ఖాయం.

వాస్తవం: కాదు. నా సమయమంతా తినేసేది ఈ అపోహే. తొలినాళ్లలో ఇంటి పెద్దల మాట మీద చాలా దరఖాస్తులు దాటిపోయాయి. ఇప్పుడు డీఏఆర్ డేటాబేస్‌లో ఆ పేర్ల పక్కన ఎర్ర అక్షరాలతో "కొత్తగా రుజువు చూపాలి" అన్న గమనిక కనిపిస్తుంది.

ఒకావిడ ఫోన్‌లో కుటుంబ బైబిల్ పేజీ ఫొటో చూపించింది. 1781 నుంచి 1802 దాకా పదకొండు మంది పిల్లల పుట్టిన తేదీలు, అన్నీ ఒకే చేతిరాత, ఒకే సిరా. ఇరవై ఏళ్లపాటు సిరా రంగు మారలేదంటే నాకు అనుమానమే. టైటిల్ పేజీ తెమ్మన్నాను. అచ్చయింది 1848లో. అంటే పెద్దయ్యాక ఎవరో కూర్చుని గుర్తున్నంత రాశారన్నమాట. పనికిరాదని కాదు, అదొక్కటే నిలబడదు. 1836లో వితంతువులకు పెన్షన్ చట్టం వచ్చినప్పుడు పెళ్లి రుజువు కోసం కొందరు బైబిల్లోంచి అసలు పేజీలే చింపి పంపారు. జాతీయ ఆర్కైవ్స్ ఫైళ్లలో అవి ఇంకా ఉన్నాయి. నేను ముందు వెతికేది అక్కడే.

అపోహ: నల్లజాతివాళ్లను చేర్చుకోరు. ఇంకొకటి, దానికి సరిగ్గా ఎదురు: అసలెప్పుడూ వివక్షే లేదు.

వాస్తవం: రెండూ తప్పే. వాషింగ్టన్‌లోని వాళ్ల కాన్‌స్టిట్యూషన్ హాల్ ఒప్పందాల్లో "తెల్లజాతి కళాకారులకే" అన్న షరతు ఉండేది. 1939లో నల్లజాతి గాయని మేరియన్ ఆండర్సన్‌కు హాలు ఇవ్వలేదు. దానికి నిరసనగా అప్పటి దేశాధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ డీఏఆర్ సభ్యత్వం వదిలేసింది. ఏప్రిల్ 9న లింకన్ మెమోరియల్ మెట్ల మీద ఆండర్సన్ పాడితే 75 వేల మంది విన్నారు. 1977లో డెట్రాయిట్‌కు చెందిన నల్లజాతి మహిళ కారెన్ బాచెలర్ చేరాకే తలుపు కాస్త తెరుచుకుంది. 2008లో, యుద్ధంలో పాల్గొన్న నల్లజాతి, ఆదివాసీ దేశభక్తుల పేర్లతో డీఏఆరే పెద్ద పుస్తకం వేసింది.

మా చాప్టర్ ఆ రోజుల్లో ఏమనుకుందో చూద్దామని 1939 ఏప్రిల్ మినిట్స్ తీశాను. రెండు పేజీలు. ఒక సమాధికి కంచు బిళ్ల వేయించడానికి ఎంతవుతుంది, ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అన్నదే చర్చంతా. ఆండర్సన్ పేరు ఎక్కడా లేదు. చివర్లో, ఎప్పట్లాగే, కేకు తెచ్చినావిడ పేరు.