మోకాలు కాదు, బోర్డు రాసే కారణమే అసలు పేచీ

కారణం రాయకుండా సైనికుడి వైకల్య పింఛను కొట్టేయడం కుదరదని 2025 ఏప్రిల్‌లో బిజేందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. మళ్లీ అనడం ఎందుకంటే, ఆ మాట 2013లోనే చెప్పేసింది.

వైకల్యం కనీసం 20 శాతం ఉండాలి, సర్వీసుతో సంబంధం ఉండాలి. ఈ షరతులు పాతవే. తేడా అంతా రెండోదాని దగ్గరే. 2009 నాటి సుప్రీంకోర్టు దామోదరన్ తీర్పు మెడికల్ బోర్డు (వైకల్యాన్ని తేల్చే సైనిక వైద్యుల బృందం) మాటకే పెద్దపీట వేసింది. 2013 జులైలో ధర్మవీర్ సింగ్ కేసు ఆ లెక్క మార్చింది. 1985లో చేరిన ఆ సిపాయిని మూర్ఛ వ్యాధితో 1994లో ఇంటికి పంపారు. వైకల్యం 20 శాతమని ఒప్పుకుంటూనే, సర్వీసు వల్ల రాలేదని బోర్డు తేల్చింది. చేరేనాటి కాగితాల్లో జబ్బు ఊసు లేకపోతే ఆరోగ్యంగా చేరినట్టే, కాదని రుజువు చేసే భారం ప్రభుత్వానిదే అని కోర్టు తేల్చింది.

మోకాలి వైకల్యానికి పింఛను అడిగే కేసులో ఒక మెలిక ఉంది. లిగమెంట్ తెగితే గాయం, కీలు అరిగితే వ్యాధి. గాయమైతే ఆ రోజు యూనిట్ రాసిన ఇంజురీ రిపోర్టే ప్రాణం. పీటీలోనో యూనిట్ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లోనో తగిలిందని అందులో ఉంటే వాదన నిలబడుతుంది. సెలవులో స్కూటరు ప్రమాదమైతే కష్టం. 2011లో జుఝార్ సింగ్ అనే సైనికుడు సుప్రీంకోర్టులో ఓడిపోయింది అక్కడే. ఎంఐ రూములో (యూనిట్ వైద్య గదిలో) నొప్పి బిళ్ల తీసుకుని రిపోర్టు రాయించుకోకుండా పరేడ్‌కు వెళ్లిన జవానుకు, రిటైరయ్యేనాడు బోర్డు 'వయసు అరుగుదల' అని రాస్తే చేతిలో కాగితం ఉండదు.

తిరస్కరణ లేఖ రాగానే బోర్డు ప్రొసీడింగ్స్ నకలు అడగాలి. కారణం గడిలో ఏం రాశారో చూడకుండా రాసే అప్పీలు గాల్లో దీపమే. ఆరు నెలల్లో రికార్డ్స్ ఆఫీసు (సైనికుల సర్వీసు కాగితాలు ఉండే కార్యాలయం) ద్వారా మొదటి అప్పీలు, అది పోతే రెండోది, ఆపైన సాయుధ దళాల ట్రిబ్యునల్. తెలుగు రాష్ట్రాలు చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి.

డబ్బు తేడా చిన్నదేం కాదు. నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం ఇస్తారు. జీతం 60,000 అయితే 20 శాతానికి నెలకు 3,600. రామ్ అవతార్ తీర్పు (2014 డిసెంబరు) తర్వాత సర్వీసు పూర్తిచేసి వెళ్లినవారికి కూడా ఆ 20 శాతాన్ని 50గా లెక్కించాలి, అంటే 9,000.

ఈ పింఛను దుర్వినియోగం ఆపడానికే 2023లో కొత్త అర్హత నియమాలు తెచ్చామంటోంది రక్షణ శాఖ. అవి ఆ ఏడాది సెప్టెంబరు 21కి ముందు రిటైరైనవారికి వర్తించవు.