డెబియన్ ఇన్‌స్టాలర్‌లో పీపీపీఓఈ పరీక్ష: అపోహలు - వాస్తవాలు

మోడెమ్‌ను బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టి, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టి, 'కనెక్ట్' నొక్కితేనే నెట్ రావడం బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వాడిన చాలామందికి అలవాటే. దాని వెనకున్నది పీపీపీఓఈ, అంటే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ చేయించే పీపీపీ అనే పద్ధతిని ఈథర్నెట్ మీద నడపడం. ఇల్లంతటికీ అదొక్కటే కనెక్షన్ అయినప్పుడు, డెబియన్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఇన్‌స్టాలర్‌లో అది పనిచేయకపోతే ప్యాకేజీలు దింపుకునే దారే ఉండదు. అందుకే దీన్ని గట్టిగా పరీక్షించాలి.

అపోహ: డయలప్ లాంటిదే కాబట్టి నంబర్ కావాలి, ఫోన్ లైన్ కావాలి.

నంబర్ ఏదీ ఉండదు. దీన్ని నిర్వచించే 1999 నాటి పత్రం ఆర్ఎఫ్‌సీ 2516 ప్రకారం కంప్యూటర్ ముందు 'సర్వర్ ఎవరైనా ఉన్నారా' అని ఈథర్నెట్ మీద అందరికీ వినబడేలా అడుగుతుంది. అది పాడీ ప్యాకెట్. జవాబుగా పాడో వస్తుంది. తర్వాత పాడర్, పాడ్స్ నడిచాక సెషన్ నంబర్ దొరుకుతుంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఆ తర్వాతే. ఐపీ అడ్రస్ కూడా డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు తానే పంచే సర్వీస్) నుంచి కాదు, పీపీపీ లోపలి నుంచే వస్తుంది.

అపోహ: అసలు బ్రాడ్‌బ్యాండ్ లైన్ లేనిదే పరీక్షించలేం.

ఒక్క ల్యాప్‌టాప్ చాలు. డెబియన్‌లో 'పీపీపీఓఈ' ప్యాకేజీతోనే పీపీపీఓఈ-సర్వర్ వస్తుంది. పెద్ద ఐ ఆప్షన్‌కు ఇంటర్‌ఫేస్ పేరు, పెద్ద ఎల్‌కు సర్వర్ అడ్రస్ (10.9.0.1 అనుకోండి), పెద్ద ఆర్‌కు క్లయింట్లకిచ్చే మొదటి అడ్రస్ (10.9.0.10) ఇచ్చి నడపాలి. సర్వర్ ఆప్షన్స్ ఫైల్‌లో 'రిక్వైర్-చాప్' రాసి, చాప్-సీక్రెట్స్ ఫైల్‌లో పరీక్ష ఖాతా పెట్టాలి. చాప్, పాప్ అనేవి పాస్‌వర్డ్ సరిచూసే రెండు పద్ధతులు. మరోసారి పాప్‌తోనూ చేయాలి. పాస్‌వర్డ్‌లో ఒక ఖాళీ, ఒక హ్యాష్ గుర్తు తప్పక ఉంచండి. సీక్రెట్స్ ఫైల్‌లో కోట్స్ లేకుండా హ్యాష్ పడితే అక్కడినుంచి కామెంట్ అయిపోతుంది. ఇన్‌స్టాలర్ కోట్స్ పెట్టిందో లేదో అప్పుడే బయటపడుతుంది.

చాలామంది ఆగిపోయేది వర్చువల్ మెషీన్లు నడిపే క్యూఈఎంయూ దగ్గర. దాని మామూలు యూజర్ మోడ్ నెట్‌వర్క్ ఐపీని మాత్రమే మోస్తుంది, పీపీపీఓఈ ఫ్రేములు అందులో దాటవు. టాప్ ఇంటర్‌ఫేస్ (ఈథర్నెట్ ఫ్రేములు మోసే వర్చువల్ కార్డ్) పెట్టండి, లేదా రెండు వర్చువల్ మెషీన్లను సాకెట్ నెట్‌డెవ్‌తో కలపండి. వర్చువల్‌బాక్స్ అయితే న్యాట్ వద్దు, ఇంటర్నల్ నెట్‌వర్క్ వాడండి.

ఇన్‌స్టాలర్ బూట్ లైన్‌కు 'మాడ్యూల్స్=పీపీపీ-యుడెబ్' చేర్చాలి (యుడెబ్ అంటే ఇన్‌స్టాలర్ వాడే చిన్న ప్యాకేజీ). నెట్‌ఇన్‌స్ట్ సీడీగానీ డీవీడీగానీ వాడాలి. నెట్‌వర్క్ నుంచి బూటయ్యే నెట్‌బూట్‌తో కుదరదు, ఎందుకంటే ఆ యుడెబ్‌ను తెచ్చుకోవడానికే నెట్ కావాలి.

అపోహ: మిర్రర్ (డెబియన్ ప్యాకేజీలుండే సర్వర్) నుంచి ప్యాకేజీలు దిగాయంటే పరీక్ష పాసైనట్టే.

ఆ వైర్ మీదే డీహెచ్‌సీపీ సర్వర్ కూడా ఉంటే, పీపీపీఓఈ ఫెయిలైనా నెట్ వచ్చేస్తుంది. పరీక్ష వైర్ మీద డీహెచ్‌సీపీ ఉండకూడదు. ఆల్ట్-ఎఫ్2తో షెల్‌కు వెళ్లి 'ఐపీ రూట్' కొట్టండి: డీఫాల్ట్ రూట్ పీపీపీ0 (పీపీపీఓఈ కనెక్షన్‌కు ఏర్పడే ఇంటర్‌ఫేస్) మీదుగానే ఉండాలి. ఇంకో కేసు: రెండు నెట్‌వర్క్ కార్డులిచ్చి సర్వర్‌ను రెండో దానికే తగిలించండి. ఇన్‌స్టాలర్ అన్ని కార్డులనూ వెతకాలి.

అపోహ: కాన్‌సెంట్రేటర్ (అవతలి వైపు పీపీపీఓఈ సర్వర్) దొరకలేదంటే పాస్‌వర్డ్ తప్పు.

పాస్‌వర్డ్ అడిగే దశే ఇంకా రాలేదు. నెట్‌వర్క్ బరువుగా ఉంటే మొదటిసారి దొరకకపోవచ్చు. మెయిన్ మెనూలో పీపీపీఓఈ ఐటమ్‌ను మళ్లీ ఎంచుకోవాలి. దీన్నీ పరీక్షించండి: సర్వర్ ఆపి మొదలుపెట్టి, ఫెయిలయ్యాక సర్వర్ నడిపి, మళ్లీ ప్రయత్నించాలి. ఎక్కడ తెగిందో వైర్ మీది ప్యాకెట్లను చూపే టీసీపీడంప్ చూపిస్తుంది, ఫిల్టర్ 'పీపీపీఓఈడీ ఆర్ పీపీపీఓఈఎస్'. పాడీ వెళ్లి పాడో రాకపోతే తప్పు వైర్‌దో, బ్రిడ్జిదో, వీల్యాన్ ట్యాగ్‌దో. పాడ్స్ వచ్చాక తెగితేనే ఖాతా సంగతి. అసలు పాడీనే కనబడకపోతే కెర్నల్ మాడ్యూల్ లోడయిందా చూడండి. రోజువారీ ఇమేజ్‌లలో కెర్నల్ వెర్షన్, మాడ్యూళ్ల వెర్షన్ కలవకపోవడం మామూలే. ఇన్‌స్టాలర్ లాగ్ ఆల్ట్-ఎఫ్4లో కనబడుతుంది.

అపోహ: ఈథర్నెట్ కార్డ్ ఎంటీయూను (ఒక్కసారి పంపగల అతిపెద్ద ప్యాకెట్ సైజును) 1492 చేయాలి.

కార్డ్ 1500 మీదే ఉండాలి. పీపీపీఓఈ హెడర్ 6 బైట్లు, పీపీపీది 2. అవి పోగా పీపీపీ0కు 1492 మిగులుతుంది. అందులో పింగ్ హెడర్లకు 28 బైట్లు పోతాయి కాబట్టి, ఇన్‌స్టాలయిన సిస్టమ్ నుంచి, ముక్కలు కాకుండా, 1464 బైట్ల పింగ్ వెళ్లాలి, 1465 వెళ్లకూడదు.

అపోహ: ఇన్‌స్టాలర్‌లో కనెక్ట్ అయితే పని పూర్తయినట్టే.

రీబూట్ చేసి చూడాల్సింది అప్పుడే మొదలవుతుంది. ఈటీసీలో పీపీపీ కింద పీర్స్ ఫోల్డర్‌లో 'డీఎస్ఎల్-ప్రొవైడర్' ఫైల్ ఉందా, అందులోని కార్డ్ పేరు కొత్త సిస్టమ్‌లో ఉన్న పేరేనా, సీక్రెట్స్ ఫైల్‌ను రూట్ తప్ప వేరెవరైనా చదవగలుగుతున్నారా చూడండి. 'పాన్ డీఎస్ఎల్-ప్రొవైడర్' కొట్టి, 'పీలాగ్'తో లాగ్ చూడండి.

వర్చువల్ మెషీన్‌ను హఠాత్తుగా చంపితే పాడ్ట్ (సెషన్ ముగిసిందని చెప్పే ప్యాకెట్) వెళ్లదు, సర్వర్ మీద పాత సెషన్ బతికే ఉంటుంది. ఒక ఖాతాకు ఒకే సెషన్ ఇచ్చే అసలు లైన్ మీద తర్వాతి లాగిన్ తిరస్కరణకు గురవుతుంది, మనం ఇన్‌స్టాలర్‌ను తప్పుపడతాం. పరీక్ష సర్వర్ ఆప్షన్లలో 'ఎల్‌సీపీ-ఎకో-ఇంటర్వెల్ 10', 'ఎల్‌సీపీ-ఎకో-ఫెయిల్యూర్ 2' రాస్తే, చచ్చిన సెషన్ దాదాపు అర నిమిషంలో పోతుంది. తర్వాతి రౌండ్ అప్పుడు మొదలుపెట్టండి.