సుడో లేనిదే కొన్ని కమాండ్లు ఎందుకు నడవవు? అపోహలు - వాస్తవాలు

సుడో అంటే లైనక్స్‌లో ఇంకో కమాండ్‌ను రూట్ (అన్ని అధికారాలున్న అడ్మిన్ ఖాతా) హక్కులతో నడిపించే కమాండ్.

అపోహ: లైనక్స్‌లో కొన్ని కమాండ్లు అడ్మిన్‌వి, మిగతావి మామూలు యూజర్లవి.

వాస్తవం: చాలా కమాండ్ల మీద అలాంటి ముద్రేమీ ఉండదు. ఆ కమాండ్ కెర్నల్‌ను (సిస్టమ్‌కు గుండెలాంటి ప్రోగ్రామ్‌ను) ఏం చేసిపెట్టమని అడిగిందన్నదే లెక్క. 'డేట్' అని కొడితే టైమ్ ఎవరికైనా కనిపిస్తుంది. అదే 'డేట్'తో టైమ్ మార్చబోతే 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' అంటుంది. సిస్టమ్ గడియారం అందరిదీ కదా, అందుకే దాన్ని కదిపే ముందు కెర్నల్ అడిగినవారి అధికారాలు చూస్తుంది. యూజర్ ఐడీ 0 అయితే రూట్, సాధారణంగా అడ్డుండదు.

అపోహ: సుడో పెడితే ఆ లైన్ మొత్తం రూట్ కిందే నడుస్తుంది.

వాస్తవం: కొత్తగా నేర్చుకునేవాళ్లు తల పట్టుకునేది ఇక్కడే. 'సుడో ఎకో' (ఎకో అంటే ఇచ్చిన మాటల్ని తిరిగి చూపే కమాండ్) అని రాసి, పక్కనే 'గ్రేటర్ దాన్' (>) గుర్తుతో ఈటీసీలోని (సిస్టమ్ సెట్టింగులు ఉండే ఫోల్డర్‌లోని) ఫైల్‌లోకి పంపితే 'పర్మిషన్ డినైడ్' వస్తుంది. సుడో పెట్టాం కదా మరి? ఎకో రూట్‌గానే నడుస్తుంది, కానీ ఆ ఫైల్‌ను తెరిచేది ఎకో కాదు, మీ షెల్ (మీరు టైప్ చేసిన కమాండ్లను చదివి నడిపించే ప్రోగ్రామ్). అదీ సుడో మొదలవ్వకముందే, మీ మామూలు హక్కులతో. అందుకే ఎకో ఇచ్చేదాన్ని పైప్ (|) గుర్తుతో 'సుడో టీ'కి ఇస్తారు; టీ అంటే తనకు అందినదాన్ని ఫైల్‌లో రాసే కమాండ్. అప్పుడు ఫైల్ తెరిచేది టీ, అది రూట్‌గా నడుస్తోంది కాబట్టి పని అయిపోతుంది. 'సుడో సీడీ' పని చేయకపోవడానికీ మూలం షెల్లే: సీడీ (ఫోల్డర్ మార్చేది) షెల్ లోపలి కమాండ్, సుడో నడిపించగల విడి ప్రోగ్రామ్ కాదు.

అపోహ: అయితే రూట్, లేదంటే ఏమీ లేదు.

వాస్తవం: 1999లో వచ్చిన 2.2 కెర్నల్ నుంచే రూట్ అధికారాన్ని 'కేపబిలిటీలు'గా విడగొట్టారు. మామూలుగా 1024 కంటే తక్కువ నంబరు పోర్ట్ (నెట్‌వర్క్ కనెక్షన్లు వచ్చే ద్వారం) తెరవాలంటే రూట్ కావాలి. వెబ్ సర్వర్‌కు 80 పోర్ట్ కోసం ఆ ఒక్క కేపబిలిటీ ఇస్తే చాలు, రూట్ మొత్తం అప్పగించనక్కర్లేదు.

అపోహ: పాస్‌వర్డ్‌ల వివరాలు ఉండే షాడో ఫైల్‌ను రూట్ తప్ప ఎవరూ మార్చలేరు.

వాస్తవం: మరి మీ పాస్‌వర్డ్ మీరే ఎలా మార్చుకుంటున్నారు? 'పాస్‌డబ్ల్యూడీ' ప్రోగ్రామ్ పర్మిషన్లలో ఎక్స్ (నడిపే అనుమతి) ఉండాల్సిన చోట 'ఎస్' కనిపిస్తుంది. అదే సెట్‌యూఐడీ. ఎవరు నడిపినా ఆ ప్రోగ్రామ్ యజమాని హక్కులతో, అంటే రూట్‌గా, నడుస్తుంది. కాకపోతే మీకు మీ పాస్‌వర్డ్ తప్ప ఇంకొకరిది ముట్టుకోనివ్వదు.

అపోహ: పర్మిషన్ గొడవ వస్తే 777 (అందరికీ అన్ని అనుమతులు) కొట్టేస్తే సరి.

వాస్తవం: దయచేసి వద్దు. 777 పెట్టిన ప్రైవేట్ కీని ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే ప్రోగ్రామ్) వాడనంటుంది. ఈటీసీ మొత్తానికి కొట్టారనుకోండి, సుడో ఎవరు వాడొచ్చో చెప్పే సుడోయర్స్ ఫైల్‌లో ఎవరైనా రాయగలరని చూసి సుడోనే మొండికేస్తుంది. రూట్ పాస్‌వర్డ్ కూడా పెట్టుకోకపోతే ఇక సాధారణంగా రికవరీ మోడ్‌లో బూట్ చేసి సరిచేసుకోవాల్సిందే.