నిషేధాలకు కొదవలేని ఐస్‌లాండ్‌లో పిల్లలెందుకు తాగారు?

ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్లలోపు పిల్లల సోషల్ మీడియా అకౌంట్లు మూయించడం మొదలుపెట్టగానే పాత గొడవ మళ్లీ రాజుకుంది. డెన్మార్క్ పదిహేనేళ్ల హద్దు అంటోంది, మలేషియా పదహారు అంటోంది, ఇంకా చాలాచోట్ల మైకు దొరికిన మంత్రులందరిదీ ఇదే మాట. చట్టం చేయకపోతే పిల్లలు చేయి దాటిపోతారని ఒక పక్షం, ఇంట్లో తేల్చుకోవాల్సిన విషయంలో ప్రభుత్వానికేం పని అని ఇంకో పక్షం. తమాషా ఏంటంటే ఈ ఇద్దరూ ఏదో ఒక దశలో ఐస్‌లాండ్ పేరు ఎత్తుతారు. కర్ఫ్యూ పెట్టి తాగే పిల్లలను దారికి తెచ్చారు చూశారా అని వీళ్లు, అమ్మానాన్నలే మార్చుకున్నారు చూశారా అని వాళ్లు. అక్కడ అసలేం జరిగిందో కాస్త నిదానంగా చూస్తే ఇద్దరికీ ఇబ్బందే.

ఫోన్లు పిల్లల బుర్రలను ఏం చేస్తున్నాయన్న మొదటి కథంతా వదిలేస్తున్నా, అది అందరూ వందసార్లు చదివిందే. నేరుగా 1990లకు వెళ్దాం. శుక్రవారం రాత్రయితే ఐస్‌లాండ్ రాజధాని రెయ్‌క్యావిక్ నడిబొడ్డున తాగి తూలుతున్న స్కూలు పిల్లలు గుంపులు గుంపులుగా కనిపించేవాళ్లు. 1998లో పదో తరగతి పిల్లలను, అంటే పదిహేను పదహారేళ్ల వాళ్లను, సర్వే చేస్తే గడిచిన నెల రోజుల్లో ఒక్కసారైనా మత్తెక్కేదాకా తాగామన్న వాళ్లు 42 శాతం. రోజూ సిగరెట్ కాల్చేవాళ్లు 23 శాతం.

ఇక్కడ చాలామంది దాటేసే సంగతి ఒకటుంది. ఐస్‌లాండ్‌లో చట్టాలకు కరువే లేదు. మద్యనిషేధం 1915లోనే వచ్చింది, వైన్‌కు, ఆ తర్వాత ఘాటు మద్యాలకు తలుపు తీశారు కానీ మామూలు బీరు మీద నిషేధం మాత్రం 1989 మార్చి 1 దాకా సాగింది. మద్యం కొనాలంటే ఇరవై ఏళ్లు నిండాలి. అది కూడా యూరప్‌లో చాలా దేశాలు పదహారుకో పద్దెనిమిదికో సరిపెట్టుకున్న కాలంలో. ఇంత కట్టుదిట్టంగా ఉన్న దేశంలో పదిహేనేళ్ల పిల్లలకు సీసాలు ఎక్కడినుంచి వచ్చాయి? పెద్దవాళ్ల చేతుల్లోంచే. అన్నయ్యో, స్నేహితుడి అక్కో, ఎలాగూ తాగుతారు కదా నా కళ్లముందే తాగనీ అనుకున్న తల్లిదండ్రులో. కాయితం మీద చట్టం ఉంది, ఊళ్లో దాన్ని పట్టించుకోవాలన్న ఒప్పుదల లేదు.

అదే కాలంలో మిగతా ప్రపంచం ఏం చేస్తోందో చూస్తే ఐస్‌లాండ్ తీసుకున్న మలుపు విలువ తెలుస్తుంది. అమెరికాలో 1983లో లాస్ ఏంజెలెస్ పోలీస్ చీఫ్ డారిల్ గేట్స్, అక్కడి స్కూళ్ల యంత్రాంగం కలిసి డేర్ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. యూనిఫాంలో పోలీసు వచ్చి క్లాసులో నిలబడి డ్రగ్స్ వద్దని పాఠం చెబుతాడు. ఇది ఎంత నచ్చిందంటే ఒక దశలో అమెరికాలోని స్కూల్ డిస్ట్రిక్టుల్లో నాలుగింట మూడొంతుల దాకా పాకింది, టీ షర్టులు, కార్ల మీద స్టిక్కర్లు, ఒకటే హడావుడి. 1994లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే డ్రగ్స్ వాడకం మీద దాని ప్రభావం లెక్కలోకి తీసుకోలేనంత చిన్నదని తేలింది. 2003లో జీఏఓ, అంటే అమెరికా కాంగ్రెస్ తరఫున ప్రభుత్వ ఖర్చుల మంచిచెడ్డలు చూసే సంస్థ, అదే మాట చెప్పింది. అయినా ఆపలేదు, 2009లో పాఠాలు మార్చి మళ్లీ నడిపారు. పోలీసులకు నచ్చింది, టీచర్లకు నచ్చింది, తల్లిదండ్రులకు మా పిల్లల కోసం ఏదో జరుగుతోందన్న నిశ్చింత దొరికింది. ఇలాంటివి ఎత్తేయడం మొదలుపెట్టడం కన్నా కష్టం.

ఇంకో దారి భయపెట్టడం. 1970ల్లో న్యూజెర్సీలోని రాహ్‌వే జైలుకు కుర్రాళ్లను తీసుకెళ్లి జీవితఖైదీల చేత మొహం మీద అరిపించారు. దాని మీద తీసిన డాక్యుమెంటరీకి ఆస్కార్ కూడా వచ్చింది. తర్వాత అలాంటి కార్యక్రమాలకు వెళ్లినవాళ్లను, వెళ్లనివాళ్లను పోల్చి చూస్తే, వెళ్లొచ్చిన వాళ్లే ఎక్కువగా నేరాల్లో పడ్డారు. పని చేయకపోవడం వేరు, ఎదురు తన్నడం వేరు, ఇది రెండో రకం. 1998 నుంచి 2004 దాకా అమెరికాలో డ్రగ్స్ వద్దంటూ దాదాపు 100 కోట్ల డాలర్లు పోసి టీవీ ప్రకటనలతో నడిపిన జాతీయ ప్రచారానిదీ దాదాపు అదే గతి. ఎక్కువ ప్రకటనలు చూసిన పిల్లల్లో, అయితే గంజాయి అందరూ తాగుతున్నారన్నమాట అనే ఆలోచన కొంత బలపడినట్టు దాన్ని పరిశీలించిన పరిశోధకులే రాశారు.

వీటన్నిటిలోనూ మారాల్సింది పిల్లవాడి బుర్రే. పెద్దవాళ్లు మాట్లాడతారు, పిల్లలు వింటారు, కథ కంచికి. ఐస్‌లాండ్ తిప్పింది ఈ లెక్కనే, నా దృష్టిలో అసలు మలుపు అదే.

దానికి ముందు 1992లో అక్కడి స్కూళ్లన్నిటా టీనేజ్ పిల్లల చేత ఫారాలు నింపించారు, 1995లో, 1997లో మళ్లీ అదే చేశారు. తాగావా, ఎప్పుడు తాగావు అని మాత్రమే అడిగి వదల్లేదు, ఇంట్లోవాళ్లతో ఎంత సేపు గడుపుతావు, చీకటి పడ్డాక ఎక్కడుంటావు, ఆటలో సంగీతమో వారానికి ఎన్నిసార్లు, స్కూల్లో నిన్ను పట్టించుకునేవాళ్లు ఉన్నారనిపిస్తుందా అని అడిగారు. మత్తు జోలికి పోని పిల్లల్లో ఉమ్మడిగా కనిపించినవి ఈ నాలుగే: కోచ్ ఉండి వారానికి మూడు నాలుగుసార్లు సాగే ఆట లాంటి వ్యాపకం, మామూలు రోజుల్లో ఇంట్లోవాళ్లతో గడిపే సమయం, స్కూల్లో మన అన్నవాళ్లు ఉన్నారన్న నమ్మకం, రాత్రి పొద్దుపోయాక బయట తిరగకపోవడం. డ్రగ్స్ గురించి ఎంత తెలుసన్నది ఆ జాబితాలో లేదు. అప్పటికే అక్కడికి రాకపోకలు సాగిస్తున్న అమెరికన్ సైకాలజిస్ట్ హార్వే మిల్క్‌మన్, పిల్లలకు మత్తు ఇచ్చే కిక్కు ఇంకో దారిలో దొరకాలి అని చెబుతూ వచ్చాడు, ఇంగా డోరా సిగ్ఫుస్‌డోట్టిర్ లాంటి స్థానిక పరిశోధకులు ఆ లెక్కలు పట్టుకుని పని మొదలుపెట్టారు.

ఆ తర్వాత చేసిన పని చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. ఏ ఊరి లెక్క ఆ ఊరికి, ఏ స్కూలు లెక్క ఆ స్కూలుకు, కొన్ని నెలల్లోనే తిరిగి పంపించారు. దేశం మొత్తమ్మీద ఇంత శాతం అని పేపర్లో వస్తే ఎవరైనా అయ్యో అనుకుని పేజీ తిప్పేస్తారు, మీ స్కూల్లో పదో తరగతిలో ఇంతమంది పోయిన నెల తాగారు అని మీటింగులో చెబితే అక్కడ కూర్చున్న ప్రతి తల్లికీ తండ్రికీ అందులో మావాడు ఉన్నాడా అన్న టెన్షన్ పట్టుకుంటుంది. ఆ టెన్షన్‌లోనే కాయితం మీద సంతకాలు పెట్టించారు. మా ఇంట్లో పెద్దవాళ్లు లేకుండా పార్టీలు జరగనివ్వం, ఏ పిల్లలకీ మద్యం కొనిపెట్టం, పిల్లలు రాత్రి ఇన్నింటికల్లా ఇంట్లో ఉండాలన్న నియమం పాటిస్తాం, మీ పిల్ల ఎక్కడైనా కనిపిస్తే మాకెందుకులే అనుకోం. రాత్రి నియమం గుర్తుండేలా ఇంటింటికీ ఫ్రిజ్‌కి అంటించుకునే మాగ్నెట్లు పంపారు. శుక్ర, శనివారాల రాత్రులు తల్లిదండ్రులు జట్లుగా వీధుల్లో నడిచేవాళ్లు, పట్టుకోవడానికీ తిట్టడానికీ కాదు, కనబడటానికి.

ఇది ఎందుకు పని చేసిందో టీనేజ్ పిల్లలున్న వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఏ ఇంట్లోనైనా తల్లిదండ్రులను ఓడించే మాట ఒక్కటే: “అందరినీ పంపిస్తున్నారు, నన్నొక్కదాన్నే ఆపుతున్నారు.” ఆ మాట సగం అబద్ధం, కానీ అబద్ధమని తెలుసుకునే దారి తల్లికి ఉండదు, ఎందుకంటే ఆ మిగతా అందరి అమ్మలూ ఇదే మాట విని ఇలాగే లొంగిపోయి ఉంటారు. పిల్లి మెడలో గంట ఒక్క ఎలుక కట్టలేదు. సంతకాల కాయితం చేసిందల్లా, పక్కింటివాళ్లు కూడా వద్దనే అన్నారు అని ప్రతి ఇంటికీ తెలియజేయడం.

చట్టం పాత్ర లేదని కాదు, ఉంది. 1998 నుంచి పిల్లలు అనే లెక్కను చట్టం పదహారు నుంచి పద్దెనిమిదేళ్లకు పెంచింది, దాంతో పదిహేడేళ్ల వాడి మీద కూడా తల్లిదండ్రులకు మాట చెల్లింది. పొగాకు, మద్యం ప్రకటనలు ఆపారు. డబ్బూ పెట్టారు: రెయ్‌క్యావిక్ నగరం ప్రతి పిల్లకీ ఏటా ఆటలకో సంగీతానికో ఖర్చు చేసుకోమని కార్డు ఇస్తుంది, 2016 ప్రాంతంలో అది ఏడాదికి 35,000 క్రోనాలు. సాయంత్రం ఖాళీగా ఉన్న పిల్లకు వద్దు అని చెప్పడం తేలికే, ఆ ఖాళీలో ఏం పెడతావన్నదానికి ఎవరో డబ్బు కట్టాలి. ఐస్‌లాండ్‌ను పొగిడే మంత్రులు ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేస్తారు.

2016కల్లా నెలలో మత్తెక్కేదాకా తాగామన్న పదో తరగతి పిల్లలు 5 శాతానికి, రోజూ పొగతాగేవాళ్లు 3 శాతానికి దిగారు. దీన్ని అనుమానించేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాట కొట్టిపారేయలేం: 2000 తర్వాత చాలా సంపన్న దేశాల్లో టీనేజ్ తాగుడు తగ్గుతూనే వచ్చింది, ఐస్‌లాండ్ చిన్న దేశం, పోల్చి చూడటానికి ఇంకో ఐస్‌లాండ్ లేదు. అయితే 2015లో యూరప్ దేశాల స్కూలు సర్వేలో నెలలో ఒక్కసారైనా మద్యం ముట్టామన్న పిల్లలు సగటున సగం దరిదాపుల్లో ఉంటే ఐస్‌లాండ్‌లో 9 శాతం. అందరితో పాటు తగ్గిందనడానికి ఆ తేడా కాస్త ఎక్కువే.

ఇక ఇప్పటి గొడవకు దగ్గరగా వస్తే, ఐర్లండ్‌లోని గ్రేస్టోన్స్ అనే ఊరు గుర్తుకు రావాలి. 2023లో అక్కడి ఎనిమిది ప్రాథమిక పాఠశాలల తల్లిదండ్రుల సంఘాలు కలిసి, పిల్లలు హైస్కూలుకు వెళ్లేదాకా స్మార్ట్‌ఫోన్ కొనివ్వం అని ఒప్పందం చేసుకున్నాయి. చట్టం లేదు, జరిమానా లేదు, చేరాలా వద్దా అన్నది ఎవరిష్టం వాళ్లది. ముందు ఊరు కదిలింది, ప్రభుత్వం వెనక వచ్చింది: అదే ఏడాది నవంబరులో విద్యాశాఖ మంత్రి నార్మా ఫోలీ ఇలాంటి ఒప్పందాలు ఎలా చేసుకోవాలో తల్లిదండ్రులకు మార్గదర్శకాలు తెచ్చారు. ఐస్‌లాండ్ కాయితానికి ఇది అసలైన వారసత్వం అనిపిస్తుంది నాకు.

ఆస్ట్రేలియా వెనక నుంచి ముందుకు వచ్చింది. 2024 నవంబరు చివర్లో బిల్లు వారం పది రోజుల్లో రెండు సభలూ దాటింది, సెనేట్ కమిటీ జనాభిప్రాయానికి ఇచ్చిన గడువు ఒక్క రోజు, అంత తక్కువలోనూ వేల అభిప్రాయాలు వచ్చిపడ్డాయి. తప్పు చేసిన కంపెనీలకు 4.95 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల దాకా జరిమానా, పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ శిక్ష లేదు, ఇంతవరకు బాగానే ఉంది. తల్లిదండ్రులు సరేనన్నా అకౌంటు కుదరదు. దీన్ని సమర్థించేవాళ్లు చెప్పేది, ఇంటింటా జరిగే ఆ “అందరికీ ఉంది” యుద్ధాన్ని ఒక్క దెబ్బతో ఆపాం కదా అని. నిజమే, గంట ప్రభుత్వం కట్టింది. కానీ ఇరవై ఏళ్లు నిండనిదే మద్యం అమ్మని దేశంలో పిల్లలు తాగినట్టే, అమ్మ పుట్టిన తేదీతోనో అన్నయ్య మొహం స్కాన్ చేసో అకౌంటు తెరిచే దారి కూడా పెద్దవాళ్ల చేతుల్లోంచే పోతుంది, దాన్ని మూయాల్సిన ఒప్పందం మాత్రం ఎవరూ ఎవరితోనూ చేసుకోలేదు. ఇక కంపెనీల వాదన, వయసు తనిఖీ అంటే అందరి వివరాలూ అడగాల్సి వస్తుందని, పిల్లలు ఇంకా చీకటి మూలలకు పోతారని. వివరాల సేకరణ గురించి వాళ్లు బెంగపడటం వింతగానే ఉంటుంది, ఆ రెండో మాట మాత్రం ఆలోచించాల్సిందే.

ఈ విషయం ఆస్ట్రేలియా హైకోర్టుకు చేరింది, అక్కడ అదే అత్యున్నత న్యాయస్థానం. డిజిటల్ ఫ్రీడమ్ ప్రాజెక్ట్ అనే సంస్థ ఇద్దరు పదిహేనేళ్ల పిల్లలతో కలిసి 2025 నవంబరులో, రెడిట్ కంపెనీ డిసెంబరులో కేసు వేశాయి, రాజకీయ విషయాలు మాట్లాడుకునే స్వేచ్ఛకు ఈ చట్టం అడ్డమా కాదా అన్నది అక్కడ ప్రశ్న. చట్టం అమల్లోకి వచ్చిన రెండేళ్లలోపు స్వతంత్ర సమీక్ష జరగాలని అందులోనే రాసుకున్నారు. ఎన్ని అకౌంట్లు మూతపడ్డాయో కంపెనీలే లెక్క ఇస్తాయి. అకౌంటు పోయిన పిల్ల ఆ సాయంత్రాలు ఎక్కడ గడుపుతోందో ఏ స్కూలుకు ఆ స్కూలు అడిగి, జవాబులు తిరిగి అక్కడి తల్లిదండ్రుల ముందు పెట్టమని మాత్రం చట్టంలో ఎక్కడా లేదు.