డెవాప్స్ మీద అపోహలు - వాస్తవాలు: కర్నూలు మార్కెట్ యార్డు వైపు నుంచి

మార్కెట్ యార్డుల్లో కమీషన్ ఏజెంట్లకు, ఆదోని వైపు జిన్నింగ్ మిల్లులకు కాటా, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీలో నేను సర్వర్లు చూసుకుంటాను. మా డెవలపర్లలో ఎక్కువమంది హైదరాబాదులో, బెంగళూరులో ఉంటారు. సర్వర్లు, ప్రింటర్లు, మండీల నుంచి వచ్చే ఫోన్లు కర్నూలులో మా నెత్తిన ఉంటాయి. ఈ రెండు వైపులా ఒక్కటిగా పనిచేయాలన్న ఆలోచనకే డెవాప్స్ అని పేరు. పేరు ఊరూరా పాకింది గానీ, దాని చుట్టూ అల్లుకున్న మాటల్లో సగం ఉత్తవే.

అసలు గొడవ ఎక్కడ మొదలవుతుందో ముందు చెప్తాను. కొత్త ఫీచర్ ఎప్పుడిస్తావని కంపెనీ డెవలపర్‌ను అడుగుతుంది. సిస్టం ఎందుకు పడిపోయిందని సర్వర్లు నడిపే ఆపరేషన్స్ వాళ్లను అడుగుతుంది. ఒకరికి మార్పు తెస్తే మంచి పేరు, ఇంకొకరికి మార్పు రాకుంటే మంచి పేరు. ఇద్దరూ నిజాయితీగా తమ పని తాము చేసినా కొట్లాట తప్పదు. 2009 జూన్‌లో వెలాసిటీ సదస్సులో ఫ్లికర్ కంపెనీ ఇంజినీర్లు జాన్ ఆల్‌స్పా, పాల్ హామండ్ ఈ మాటే ఎత్తారు. రెండు జట్లూ కలిసి పనిచేస్తూ రోజుకు పదికి పైగా రిలీజ్‌లు చేస్తున్నామని, అంటే కొత్త కోడ్‌ను వాడకందారులకు వదులుతున్నామని చెప్పారు. బెల్జియంలో కూర్చుని ఆ ప్రసంగాన్ని ఆన్‌లైన్‌లో చూసిన పాట్రిక్ డెబువా అదే ఏడాది అక్టోబరులో ఘెంట్ నగరంలో మొదటి డెవాప్స్‌డేస్ సమావేశం పెట్టాడు. పేరు అక్కడి నుంచే వాడుకలోకి వచ్చింది.

అపోహ: రిలీజ్‌లు ఎంత తగ్గిస్తే సిస్టం అంత భద్రం

ఇది ఆపరేషన్స్ వైపు పుట్టిన అపోహ. పైకి న్యాయంగానే కనిపిస్తుంది. పత్తి సీజన్ మొదలైతే సంక్రాంతి దాటేదాకా ఏమీ ముట్టుకోవద్దనే పద్ధతి మా రంగంలో చాలాచోట్ల ఉంది. కానీ ఆ నెలలన్నీ డెవలపర్లు చేతులు కట్టుకుని కూర్చోరు కదా. మార్పులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. అన్నీ కలిపి ఒకే రోజు వదిలినప్పుడు ఏదైనా తేడా వస్తే, ఇన్నింటిలో ఏది తంతోందో ఎవరికీ తెలియదు. రాసినవాడు కూడా తానెందుకు అలా రాశాడో మరిచిపోయి ఉంటాడు. పైగా పన్ను నిబంధనో, బిల్లు నమూనానో సీజన్ మధ్యలో మారిందంటే, నెలల తరబడి రిలీజ్ చేయని చేతులతో అత్యంత రద్దీ రోజున రిలీజ్ చేయాల్సి వస్తుంది.

ఒకే చిన్న మార్పు వెళ్లి తేడా వస్తే కారణం కళ్లముందే ఉంటుంది, వెనక్కి తీయడం కూడా సులువు. డోరా అనే పరిశోధక బృందం ఏళ్ల తరబడి సర్వేలు చేస్తూ నాలుగు కొలతలు ప్రచారంలోకి తెచ్చింది: ఎంత తరచుగా రిలీజ్ చేస్తున్నారు, రాసిన కోడ్ వాడకందారు దాకా చేరడానికి ఎంతసేపు పడుతోంది, రిలీజ్‌లలో ఎన్ని బెడిసికొడుతున్నాయి, బెడిసికొట్టినప్పుడు ఎంతసేపట్లో సరిచేస్తున్నారు. మొదటి రెండూ వేగానికి, చివరి రెండూ నిలకడకు కొలతలు. వేగం కావాలంటే నిలకడను వదులుకోవాలన్న భయానికి ఆ సర్వేల్లో పెద్దగా ఆధారం దొరకలేదు.

రిలీజ్ ఎలా బెడిసికొడుతుందో చెప్పడానికి ఎప్పుడూ వాడే ఉదాహరణ అమెరికాలోని నైట్ క్యాపిటల్. 2012 ఆగస్టు 1న ఆ షేర్ల కంపెనీ దాదాపు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. కొత్త కోడ్‌ను ఎనిమిది సర్వర్లలో చేత్తో పెట్టారు. ఒకదాంట్లో పెట్టడం తప్పిపోయింది. ఆ ఎనిమిదో సర్వర్‌లో ఏళ్ల కిందట వాడి మానేసిన పాత కోడ్ అలాగే పడి ఉంది. కొత్త ఫీచర్‌ను ఆన్ చేయడానికి, ఒకప్పుడు ఆ పాత కోడ్‌ను ఆన్ చేసిన సాఫ్ట్‌వేర్ స్విచ్‌నే మళ్లీ వాడుకున్నారు. ఎండిపోయిన బోరుకు కరెంటు తీగ తీయకుండా వదిలేసినట్టు అన్నమాట. ఇంకెవరో వచ్చి మీట నొక్కారు.

ఈ కథను అందరూ ఆ ఒక్క సర్వర్ దగ్గరే ఆపేస్తారు. నా వరకు అసలు సంగతి దానికి ముందుంది. ఆ పొద్దున మార్కెట్ తెరవకముందే వాళ్ల సిస్టం ఈ తేడా గురించి 97 ఈమెయిళ్లు పంపింది. అవి హెచ్చరికలని ఎవరూ అనుకోలేదు, ఎవరూ పట్టించుకోలేదు. ఆ సందేశం ఎవరికి చేరాలో, అందుకున్నవాళ్లు ఏం చేయాలో రాసినవాళ్లూ నడిపేవాళ్లూ కలిసి తేల్చుకోకపోతే, మెయిల్ వచ్చినా రానట్టే. ఆ తర్వాత తప్పు వెతికే తొందరలో, సరిగ్గా ఉన్న మిగతా ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్ తీసేశారు. దాంతో వాటిలోనూ పాత కోడే నడిచి నష్టం ఇంకా పెరిగింది.

మేం పాటించేది ఇంతే. మార్పును ముందు స్విచ్ ఆఫ్‌లో ఉంచి పంపుతాం, ఒక మండీలో ఆన్ చేస్తాం, అక్కడ బాగుంటే మిగతావాళ్లకు ఇస్తాం. పని అయిపోయిన స్విచ్‌ను కోడ్ నుంచి తీసేయడం కూడా అదే పనిలో భాగం. తీయనిదే ఆ పని పూర్తయినట్టు రాసుకోం. కర్నూలు యార్డులో ఉల్లి వేలం నడిచే పూట మాత్రం ఎంత చిన్న రిలీజ్ అయినా ముట్టుకోం. రోజులో కొన్ని గంటలు ఆగడం వేరు, నెలల తరబడి ఆపేయడం వేరు.

అపోహ: డెవలపర్ చేతికి సపోర్ట్ ఫోన్ ఇవ్వడమంటే శిక్ష

అమెజాన్ సాంకేతిక అధిపతి వెర్నర్ వోగెల్స్ 2006లో ఒక ఇంటర్వ్యూలో "మీరే కట్టారు, మీరే నడపండి" అన్నాడు. ఆ మాటను మన మేనేజర్లు చాలామంది మరోలా అర్థం చేసుకున్నారు. డెవలపర్లకు రాత్రి డ్యూటీ వేస్తే ఆపరేషన్స్ జీతాలు మిగులుతాయని లెక్క. అలాంటి చోట ఆరు నెలల్లో మంచి డెవలపర్లు ఇంకో ఉద్యోగం చూసుకుంటారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

ఫోన్ ఇచ్చేది ఎందుకంటే, అందులో విన్నది తిరిగి కోడ్‌లోకి రావాలని. "ఏమప్పా, చీటీ రావట్లేదు, రైతులు నిలబడుకోని ఉండారు" అని పొద్దున్నే ఒక ఏజెంట్ అరిస్తే, ఆ గొంతు నేరుగా విన్న డెవలపర్ రాసే కోడ్ వేరుగా ఉంటుంది. మా దగ్గర ఒకప్పుడు లాగ్‌లో, అంటే సిస్టం జరిగినవి రాసుకునే చిట్టాలో, "ప్రింట్ ఎర్రర్" అని మాత్రమే పడేది. ఏ మండీ, ఏ లాటు, కాగితం అయిపోయిందా, నెట్ పోయిందా, ఏమీ తెలిసేది కాదు. డెవలపర్లకు ఫిర్యాదు టికెట్ల మీద టికెట్లు పెట్టినా అది అలాగే ఉండిపోయింది. డెవలపర్లు వంతుల వారీగా ఫోన్ తీసుకోవడం మొదలుపెట్టాక, ఎవరూ చెప్పకుండానే ఆ వివరాలన్నీ లాగ్‌లోకి వచ్చాయి. దీనికి రెండు షరతులున్నాయి. రాత్రి లేచినవాడికి మరుసటి పూట సెలవు ఉండాలి. రాత్రి తెలిసిన లోపానికి ఆ వారం పనుల్లో ముందు వరుసలో చోటు ఉండాలి. ఈ రెండూ ఇవ్వలేని మేనేజర్ డెవలపర్‌కు ఫోన్ ఇవ్వకపోవడమే మేలు.

కొత్త ఫీచర్లకూ నిలకడకూ మధ్య ఈ బేరాన్ని గూగుల్ అంకెల్లో పెట్టింది. సిస్టం 99.9 శాతం నడవాలని అనుకుంటే 30 రోజుల్లో దాదాపు 43 నిమిషాలు పడిపోవచ్చు. ఆ కోటా మిగిలి ఉన్నంతకాలం కొత్త ఫీచర్లు వదలొచ్చు. అయిపోతే రిలీజ్‌లు ఆపి, అందరూ సిస్టంను గట్టి చేసే పని పట్టాలి. వద్దు, కావాలి అనే వాదన పోయి, ఇంకెన్ని నిమిషాలున్నాయనే లెక్క మిగులుతుంది. అయితే దీన్ని మన దగ్గరికి ఉన్నదున్నట్టు తెస్తే పనికిరాదు. రాత్రి రెండింటికి గంటసేపు సర్వర్ పడిపోయినా మా మండీల్లో అడిగే నాథుడుండడు. వేలం జరిగేటప్పుడు పది నిమిషాలు పడితే కాటా దగ్గర బండ్లు బారులు తీరతాయి. అందుకే మేం మార్కెట్ నడిచే గంటలను మాత్రమే లెక్కలోకి తీసుకుంటాం.

అపోహ: ఒక డెవాప్స్ టీం పెడితే సరిపోతుంది

రెండు జట్ల మధ్య ఒక గోడ ఉన్నచోట మూడో జట్టును పెడితే గోడలు రెండవుతాయి. డెవలపర్ డెవాప్స్ టీంకు టికెట్ పెడతాడు, వాళ్లు ఆపరేషన్స్‌కు పెడతారు. రిలీజ్ పనులు నడిపే జెన్‌కిన్స్ టూల్ ఎవరి చేతిలో ఉందన్నది తప్ప ఏమీ మారదు. అందరూ వాడుకునే పనిముట్లు తయారుచేసి, డెవలపర్ ఎవరినీ అడగకుండా తన రిలీజ్ తానే చేసుకునేలా చేసే జట్టు అయితే అది వేరు, దానికి విలువ ఉంది.

అపోహ: ఇవన్నీ పెద్ద కంపెనీల ముచ్చట్లు

చిన్న కంపెనీలో గోడ ఇంకో రూపంలో ఉంటుంది. బైకు మీద మండీల చుట్టూ తిరిగే సపోర్ట్ కుర్రాడే మన ఆపరేషన్స్ టీం. ఏ బటన్ ఎక్కడ ఉంటే గుమాస్తా తప్పు నొక్కుతాడో కంపెనీ మొత్తంలో వాడొక్కడికే తెలుసు. కానీ కొత్త స్క్రీన్ గురించి బెంగళూరులో మీటింగ్ జరిగితే వాడిని పిలవరు. పిలవడానికి పైసా ఖర్చు లేదు. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టాల్సిన పని కూడా లేదు, ఫోన్‌లో ఉంటే చాలు.

ఇంకొకటి బ్యాకప్. 2017 జనవరి 31న, కోడ్ దాచుకునే వెబ్‌సైట్ నడిపే గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజినీర్ రెండో డేటాబేస్ అనుకుని అసలు డేటాబేస్ ఫోల్డర్‌నే తుడిచేశాడు. ఐదు రకాల బ్యాకప్, కాపీ ఏర్పాట్లు ఉన్నాయనుకున్నారు, ఆపద వేళ ఏదీ సరిగ్గా ఆదుకోలేదు. రోజువారీ బ్యాకప్ కొన్నాళ్లుగా విఫలమవుతోంది. ఆ సంగతి చెప్పే మెయిళ్లేమో మెయిల్ సర్వర్ దగ్గరే తిరస్కరణకు గురవుతున్నాయి. అనుకోకుండా అంతకు ఆరు గంటల ముందు తీసిపెట్టిన ఒక కాపీ వాళ్లను కాపాడింది. మధ్యలోని డేటా పోయింది. ఆ కంపెనీ ఏదీ దాచలేదు, మరమ్మతును యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది. తప్పు చేసిన మనిషిని బలిపెట్టకుండా, అసలు సర్వర్, కాపీ సర్వర్ ఒకేలా కనిపించడం ఎందుకు జరిగిందని అడిగింది. నలుగురున్న కంపెనీ అయినా నెలకోసారి బ్యాకప్‌ను వేరే మెషీన్‌లో తెరిచి చూసుకోవచ్చు. ఆ పని డెవలపర్ ఒకరు, సర్వర్ చూసేవాళ్లు ఒకరు పక్కపక్కన కూర్చుని చేయాలని నా పట్టుదల.

అపోహ: ఆడిట్ వాళ్లు ఒప్పుకోరు

ఆడిటర్‌కు కావాల్సింది కోడ్ రాసినవాడే ఎవరికీ తెలియకుండా దాన్ని లోపల పెట్టేయకూడదని. ఇంకొకరు చూసి ఒప్పుకుంటేనే మార్పు ముందుకు కదలడం, సర్వర్‌లో పెట్టే పని మనిషి బదులు పైప్‌లైన్ (ఆ పనులను వరుసగా తనంతట తానే చేసే ఏర్పాటు) చేయడం, ఎవరు ఎప్పుడు ఒప్పుకున్నారో రికార్డు ఉండడం, ఇవి చూపిస్తే చాలావరకు పేచీ ఉండదు. సంతకాల ఫారాల కట్టలకన్నా ఇదే గట్టి సాక్ష్యం.

అపోహ: కోర్సు చేస్తే చాలు, కోడింగ్ రాకున్నా డెవాప్స్ ఉద్యోగం వస్తుంది

కడప, అనంతపురం కాలేజీల పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే. అమీర్‌పేట బోర్డుల మీద టూల్స్ పేర్లు వరుసగా ఉంటాయి: డాకర్, కుబర్నెటిస్, జెన్‌కిన్స్, టెర్రాఫామ్. కోడింగ్ అంటే భయం ఉన్నవాళ్లకు ఇది దొడ్డిదారి అని ఎవరో చెప్పి ఉంటారు. ఇంటర్వ్యూలో నేను అడిగేది వేరు. సైట్ తెరుచుకోవట్లేదు, మొదట ఎక్కడ చూస్తావు అంటాను. టూల్ పేరు చెప్పినవాళ్లు అక్కడే ఆగిపోతారు. డిస్క్ నిండిందా, ప్రాసెస్ నడుస్తోందా, డీఎన్ఎస్ (సైట్ పేరు నుంచి సర్వర్ చిరునామా చెప్పేది) సరిగ్గా ఉందా, చివరగా ఏం మారింది అని ఒక్కొక్కటే అడుగుతూ పోయేవాళ్లకు ఏ టూల్ అయినా రెండు వారాల్లో వస్తుంది.

ఫీజు కట్టేముందు ఒక పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకోండి. సొంతంగా ఒక చిన్న వెబ్‌సైట్ రాసి అందులో నడపండి. దాని బ్యాకప్ తీసే స్క్రిప్ట్ పైథాన్‌లోనో, షెల్‌లోనో మీరే రాయండి. కోడ్ మార్పులను గుర్తుపెట్టుకునే గిట్‌లో పెట్టండి. తర్వాత మీ స్నేహితుడిని అందులో ఏదో ఒకటి చెడగొట్టమని చెప్పి, లాగ్‌లు మాత్రమే చూసి అదేంటో కనుక్కోండి. వచ్చేటప్పుడు ఆ ల్యాప్‌టాప్ వెంట తెచ్చుకోండి, ఇంటర్వ్యూ దాని మీదే చేద్దాం.