చిన్నోడికీ, బుజ్జమ్మకీ: మానిటర్ కొనేముందు

కావలి

చిన్నోడికి, బుజ్జమ్మకి తాతయ్య ఆశీస్సులు.

చిన్నోడు 4కె మానిటర్ తప్ప ఇంకేదీ వద్దంటున్నాడని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. బుజ్జమ్మ ఇంటర్ పాఠాలు, మీ నాయనమ్మగారి పేపరు, రాత్రిపూట సినిమా, అన్నీ దాంట్లోనేనట. టీవీలు బాగుచేసి బతికినవాణ్ని కదా, అడిగినా అడక్కపోయినా నాలుగు మాటలు రాస్తాను.

4కె తెరమీద అడ్డంగా 3840 చుక్కలు (పిక్సెళ్లు), నిలువుగా 2160 ఉంటాయి. మొత్తం దగ్గర దగ్గర 83 లక్షలు. ఫుల్ హెచ్‌డీలో 1920, 1080. అంటే 20 లక్షల పైచిలుకు. అడ్డం, నిలువు రెండూ రెట్టింపు కాబట్టి చుక్కలు నాలుగింతలు. సినిమాకైతే ఇబ్బంది లేదు, ఎప్పుడో తీసిన బొమ్మను చూపిస్తే చాలు. ఆటలో అలా కాదు. ప్రతి బొమ్మనూ గ్రాఫిక్స్ కార్డు అప్పటికప్పుడు గీయాలి. మీ కంప్యూటర్‌లో ఉన్నది పాత చిన్న కార్డని మీ నాన్నే చెప్పాడు. దాని మీద 4కె పెట్టడమంటే ఎకరానికి సరిపోయే మోటారుతో నాలుగెకరాల వరి తడపమన్నట్టే.

రెండింటికీ మధ్యలో ఇంకో రకం ఉంది, 2560, 1440. షాపుల్లో టూకె అనో, క్యూహెచ్‌డీ అనో అంటారు. చుక్కలు 37 లక్షలకు కాస్త తక్కువ. చిన్నోడా, ఒక లెక్క వేసి చూడు. 4కెలో సెకనుకు 60 బొమ్మలు గీస్తే సుమారు 50 కోట్ల చుక్కలు. ఈ మధ్యరకంలో సెకనుకు 144 గీసినా 53 కోట్లే. కార్డుకు పని ఇంచుమించు సమానం. ఆడేవాడికి మాత్రం రెండోదే హాయి. పరిగెత్తే మనిషి, తిరిగే కారు సాఫీగా కదులుతాయి. నువ్వు ఆడేవి ఎక్కువగా కాల్పుల ఆటలే కాబట్టి నా ఓటు 27 అంగుళాల 1440కే, 144 హెర్ట్జ్, అంటే సెకనుకు 144 బొమ్మలు, తగ్గకుండా. రేపు పీఎస్5 ఆటల పెట్టె కొనిపిస్తానంటావా, దానికి కూడా 2022 నుంచి 1440 సరిపోతుంది. 4కెలో 120 కావాలంటే మాత్రం మానిటర్‌కూ కేబుల్‌కూ హెచ్‌డీఎంఐ 2.1 (బొమ్మను తెరకు చేర్చే కనెక్షన్ రకం) ఉండాలి. 2.0 అయితే 4కె 60 దగ్గరే ఆగిపోతుంది.

ఇక ఎక్కువ చుక్కల వల్ల అసలు లాభం ఎవరికో చెప్పనా? ఆటకంటే అక్షరానికి! మన తెలుగులో ఒత్తులు, గుడులు, సున్నాలు ఎన్ని! 'లక్ష్మి' అని చిన్న సైజులో వేస్తే కింది ఒత్తు నలుసంత చోట ఇమడాలి. 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో అంగుళానికి 82 చుక్కలే, ఒత్తు ముద్దగా కనబడుతుంది. 1440లో 109, 4కెలో 163. రెండడుగుల దూరంలో కూర్చుని చదివే బుజ్జమ్మకు 82కీ 109కీ తేడా బాగా తెలుస్తుంది. 109కీ 163కీ తేడా ఉంటుంది గాని, అంత కాదు. మంచి చూపున్నవాళ్లకైనా మూడున్నర అడుగులు దాటాక 82 చుక్కలు కూడా విడివిడిగా కనబడవు. దివాన్ మీద కూర్చుని సినిమా చూసే మీ నాయనమ్మగారికి మూడూ ఒకటే. ఆవిడకు కావాల్సింది పెద్ద అక్షరాలు, పక్కనుంచి చూసినా మారని రంగులు. అందుకే తెర రకాల్లో ఐపీఎస్ ప్యానెల్ అడగండి. వీఏ రకంలో నలుపు బాగా వస్తుంది, కానీ పక్కనుంచి చూస్తే రంగు వెలిసినట్టుంటుంది. ఓఎల్‌ఈడీ బొమ్మ అందం వేరు, కాదనను. కానీ ఛానెల్ లోగో, కింద టాస్క్‌బారు రోజూ గంటలకొద్దీ కదలకుండా ఉండే ఇంట్లో కొన్నాళ్లకు ఆ మచ్చ తెరమీద ఉండిపోయే ప్రమాదముంది. నలుగురు వాడే తెరకు నేనైతే వద్దంటాను.

పెట్టె మీద 1 ఎంఎస్ (చుక్క రంగు మారడానికి సెకనులో వెయ్యో వంతే పడుతుందని) అని పెద్దక్షరాలతో రాస్తారు, దానికి మురిసిపోకండి. ఏ సెట్టింగులో కొలిచారన్నది వాళ్లకే ఎరుక. దానికంటే స్పీకర్లున్నాయో లేదో చూడండి. చాలా మానిటర్లకు ఉండవు, సినిమా పెట్టాక బొమ్మ కదులుతుంది, మాట రాదు! రెండు హెచ్‌డీఎంఐలు ఉంటే సెట్‌టాప్ బాక్సు ఒకదానికి, కంప్యూటర్ ఒకదానికి. కంప్యూటర్‌కు డిస్‌ప్లేపోర్ట్ అనే మరో కనెక్షన్ ఉంటే ఇంకా మంచిది.

మీ ఒంగోలు కర్నూలు రోడ్డులో కొన్నా ఆన్‌లైన్‌లో తెప్పించినా మొదటిరోజే తెల్ల తెర, నల్ల తెర, ఎర్ర తెర పెట్టి చచ్చిన చుక్కలున్నాయేమో వెతకండి. ఒకటి రెండుంటే మార్చరని కొన్ని కంపెనీల వారంటీలోనే రాసి ఉంటుంది, ముందే అడగండి. తర్వాత విండోస్ సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి 144 ఎంచుకోవాలి. అది 60 మీదే ఉండిపోతే కట్టిన డబ్బు గాలికే. ఎండాకాలం ఒంగోలు కరెంటు సంగతి మీకు తెలుసు, యూపీఎస్ ఖర్చు కూడా కలిపి లెక్క వేయమని నాన్నకు చెప్పండి.

మీ బల్ల ముందు నుంచి గోడ దాకా రెండడుగులుందో లేదో టేపు పెట్టి కొలిచి ఆదివారం ఫోన్ చేయండి. తక్కువైతే 24 అంగుళాలది చూద్దాం, దానికి ఫుల్ హెచ్‌డీ అయినా ఫరవాలేదు.

మీ తాతయ్య